మరునాటి సేవ

చదువవలసిన భాగములు: లూకా 10:30–37, యిర్మీయా 29:4–10, యాకోబు 1:2–4.



మంచి సమరయుని కథ మన సంఘములలో చిన్నపిల్లలకు సహితము తెలిసినదే. అతడు గాయములు కట్టుటయు, నూనె పోయుటయు, తన వాహనముమీద ఎక్కించుకొని పోవుటయు ప్రసంగములలో తరచుగా వినుచుందుము. అయితే 35వ వచనములో ఒక చిన్న మాట యున్నది. దానియొద్ద మనము ఆగుట తక్కువ. ఆ మాట ‘మరునాడు’.

మొదటి దినమున జాలి అతనిని నడిపెను. తెల్లవారునప్పటికి ఆ జాలి కొంత చల్లారియుండవచ్చును. ప్రయాణము ఆలస్యమైనది, డబ్బు తరిగినది. అయినను అతడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవానికిచ్చెను. మత్తయి 20వ అధ్యాయము ప్రకారము దేనారము ఒక దినపు కూలి; అనగా రెండు దినముల కష్టార్జితము. అంతటితో చేతులు దులుపుకొనక, తిరిగి వచ్చి మిగిలిన లెక్క తీర్చెదనని ఒప్పుకొనెను. ఇచ్చిన డబ్బుకంటె ఈ ఒప్పుదలయే బరువైనదని మాకు తోచుచున్నది.

ఇట్టి మరునాడు మన కాలములో ఎదురైన ఒక చోటును చూతము. హైదరాబాదు పాతబస్తీకి మనవారు చార్మినారు చూడబోవుదురు, గాజులు కొనుక్కొని తిరిగి వత్తురు. ఆ గాజుల అంగళ్లకు ఆవల సుల్తాన్‌షాహీ అను పేట యున్నది. హిందువులును ముస్లిములును అక్కడ ఇరుగుపొరుగున నివసించుచున్నారు. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబములు అనేకము. 1990 డిసెంబరులో పాతబస్తీలో ఘోరమైన మతకలహములు చెలరేగెను. అనేకుల ప్రాణములు పోయెను. కర్ఫ్యూ పెట్టిన దినమున కూలి లేదు. కూలి లేని యింట పొయ్యి వెలుగదు.

అప్పటికి ఆ నగరములో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ అను క్రైస్తవ సంస్థ యుండెను. క్రొత్త నిబంధనను ఉర్దూలోనికి తర్జుమా చేసి, 1812లో 31 ఏండ్ల ప్రాయముననే మరణించిన దైవజనుని పేరు అది. 1930లో లాహోరులో ప్రారంభమై, కొన్ని ఊళ్లు మారి, 1971లో హైదరాబాదునకు వచ్చినది. ఇస్లామును గూర్చి క్రైస్తవులకు నేర్పి, ముస్లిములకు సువార్త చెప్పువారిని సిద్ధపరచుటకు అది స్థాపింపబడెను. పుస్తకములు, తరగతులు, ఉపన్యాసములు దాని పని. కలహములు జరిగినప్పుడు ఆ సంస్థవారు బాధితుల సహాయమునకు వెళ్లిరి.

సహాయము పంచుట ముగిసెను. తరువాత మరునాడు వచ్చెను. ఇక్కడనే అనేక సేవలు ఆగిపోవును. వీరు ఆగలేదు. రానున్న సంవత్సరములలో సుల్తాన్‌షాహీలో స్త్రీలకు కుట్టుపని, పిల్లలకు చదువు, రోగులకు వైద్యము ఏర్పాటు చేసిరి. ఆ పనికి ‘అమన్ శాంతి’ అని పేరు. ఉర్దూలో అమన్ అన్నను, మన మాటలో శాంతి అన్నను అర్థమొకటే. రెండిండ్ల మాటలను ఒక్క గుమ్మమునకు కట్టిరి.

ఈ పనివలన ఎవరు ఎదిగిరి? కుట్టు నేర్చినవారికి జీవనోపాధి దొరికినది, నిజమే. అయితే నేర్పవచ్చిన సంస్థయే మారినది. పొరుగువానిని గూర్చి పుస్తకములలో చదువుటతో తృప్తిపడక, అతనితో కలిసి సమాధానము కొరకు పాటుపడుట దాని ముఖ్యమైన పనులలో ఒకటాయెను. అట్లయిన సాక్ష్యము ఏమగునని కొందరు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. మనలోనున్న నిరీక్షణను గూర్చి అడిగినవారికి ఉత్తరము చెప్పుటకు సిద్ధముగా ఉండవలెనని పేతురు వ్రాసెను. కాని సేవను ఎరగా వేయుమని లేఖనములలో ఎక్కడను లేదు. సమరయుడు గాయపడినవాని మతమేదని అడిగినట్లు ప్రభువు చెప్పలేదు గదా!

యిర్మీయా ఉత్తరము అందుకొనినవారు బబులోనులో చెరపట్టబడినవారు. తమ్మును చెరగొనిన పట్టణపు క్షేమమునే వెదకి, దాని కొరకు ప్రార్థింపుడని వారికి ఆజ్ఞ. అదియు ఒక వారము కొరకు కాదు. ఇండ్లు కట్టి చెట్లు నాటునంత కాలము, డెబ్బది సంవత్సరములు. పరీక్ష ఓర్పును పుట్టించునని యాకోబు చెప్పునప్పుడు మనము గొప్ప హింసలనే తలంచుచుందుము. నేర్పినదే మరల నేర్పుట, అనుమానముతో చూచువారి నడుమ ప్రతి ఉదయము తలుపు తెరచుట, ఇవియు పరీక్షలే. వీటిలో కీర్తి లేదు గనుక మరి కఠినమైనవి.

మన పల్లెలలో పాతబస్తీ కలహములు లేకపోవచ్చును. గట్టు తగాదాలు లేవా? చెరువు నీటి వంతులకై మాటలు మానుకొనిన ఇండ్లు లేవా? అట్టి ఇంట జ్వరము వచ్చినప్పుడు గంజి కాచి తీసికొనిపోవుట ఒక దినపు పని. ఆ గిన్నె తెచ్చుకొనుటకు మరునాడు పోయి, కూర్చుండి, వారి మాట వినుట వేరొక పని. క్రిస్మసునకు మనము దుప్పట్లు పంచుదుము, ఫోటో కూడ తీయించుకొందుము (దుప్పటికంటె ఫోటోకే ఎక్కువ సమయము పట్టిన సందర్భములు లేకపోలేదు). పోయిన క్రిస్మసున దుప్పటి పుచ్చుకొనిన వృద్ధురాండ్ర పేర్లు సంఘ పుస్తకములో ఉండును. ఈ నెల స్త్రీల మైత్రి కూటములో ఆ పట్టిక తీసి, ఒక్కొక్క పేరు చదివి, నాటినుండి ఆమె గుమ్మము ఎవరు తొక్కితిరని అడుగుదము.