చేతకాని రోజుల నేస్తాలు

యాభై ఆరు. 1993లో డెరెక్ జీటర్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు ఒక్క సీజన్‌లో ఫీల్డింగ్‌లో చేసిన తప్పుల లెక్క అది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో అనే ఊళ్లో, యాంకీస్ సంస్థకు చెందిన చిన్న జట్టుకి బేస్‌బాల్ ఆడుతున్నాడప్పుడు. అంతకు ముందేడు ఇంకా అన్యాయం. హైస్కూలు నుంచి నేరుగా వచ్చి, తొలి వేసవిలో సగటున పదిసార్లు బ్యాటింగ్‌కి దిగితే రెండుసార్లు మాత్రమే హిట్ కొట్టగలిగాడు. రాత్రిళ్లు గదిలో ఏడ్చేవాడు. అమ్మానాన్నలకి ఫోన్ల మీద ఫోన్లు చేసేవాడు.

ఆ కుర్రాడే తర్వాత న్యూయార్క్ యాంకీస్ కెప్టెన్ అయ్యాడు. 3,465 హిట్లు కొట్టాడు. ఐదుసార్లు వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్, గెలిచాడు. విజయగాథలు చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ ఏడ్చిన రోజుల మీదే ఆసక్తి. ఆ రోజుల్లో దొరికిన ముగ్గురు నేస్తాలతోనే అతను ఆ పైకంతా ఎక్కాడు మరి.

ఆ ముగ్గురి సంగతీ చూడండి. ఆండీ పెటిట్ టెక్సస్‌లో పెరిగినవాడు. అమెరికాలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1990 డ్రాఫ్ట్‌లో ఇరవై ఒక్క రౌండ్లు గడిచినా పెటిట్ పేరు ఎవరూ పిలవలేదు. పోర్టోరికో కుర్రాడు హోర్హే పొసాడా పేరు 24వ రౌండ్‌లో గానీ రాలేదు. ఇక మరియానో రివేరా. పనామా దేశంలో ప్యూర్తో కైమితో అనే చేపల రేవు అతని ఊరు. తండ్రి జాలరి, తనూ పడవ మీద పనిచేశాడు. చిన్నప్పుడు పాల డబ్బాల అట్టలే అతనికి గ్లవ్స్. 1990లో యాంకీస్ రెండు మూడు వేల డాలర్లిచ్చి తీసుకుంది. ఇంగ్లిష్ ముక్క రాదు. 1992లో మోచేతికి ఆపరేషన్ అయింది. ఆ ఏడాది చివర్లో కొత్తగా పుట్టిన రెండు జట్లు పాత జట్ల నుంచి ఆటగాళ్లను ఏరుకుంటుంటే, యాంకీస్ అట్టిపెట్టుకున్నవాళ్ల జాబితాలో రివేరా లేడు. కావాలంటే ఎవరైనా పట్టుకుపోవచ్చు. ఎవరికీ అక్కర్లేకపోయింది.

జీటర్ ఒక్కడే మొదటి రౌండ్‌లో ఆరో పేరుగా, లక్షల డాలర్లతో వచ్చాడు. అసూయ పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా స్నేహం నిలబడింది. నాకు తోచిన కారణం ఒకటుంది. నలుగురి పనులూ వేరు. జీటర్ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్. పెటిట్ ఆట మొదలుపెట్టే పిచర్, మన లెక్కలో కొత్త బంతి బౌలర్. రివేరా మొదట్లో అదే పని చేసినా, చివర్లో వచ్చి ఆట ముగించే పిచర్‌గా స్థిరపడ్డాడు. పొసాడా క్యాచర్, అంటే మన వికెట్‌కీపర్ లాంటివాడు. ఎవరి చోట వారు కుదురుకున్నాక ఒకరి కుర్చీ ఇంకొకరికి అక్కర్లేదు. పైగా ఒకరు బాగా ఆడితేనే మరొకరి పని గట్టెక్కుతుంది.

మీతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్లను ఓసారి ఈ కళ్లతో చూడండి. అందరూ ఒకే ప్రమోషన్ మీద కన్నేసి కూర్చుంటే స్నేహం ఎక్కువ కాలం నిలవదు. ముందే కూర్చుని మాట్లాడుకోండి. లెక్కల పని నీకు బాగా వచ్చు, మనుషులతో మాట్లాడ్డం నాకు వచ్చు, చెరొకటీ పట్టుకుందాం అనుకోండి. ఒకే పనిలో ఇద్దరుగా మిగలడం కన్నా, రెండు పనుల్లో ఒక జట్టు కావడం మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పొసాడా పుట్టు క్యాచర్ కాదు. 1991లో సెకండ్ బేస్‌లో ఆడుతున్నవాణ్ని క్యాచర్‌గా మార్చారు. ఆ కొత్తలో బంతులు చేతిలో నిలిచేవి కావు. పెటిట్ దగ్గరేమో నకిల్‌బాల్ అనే బంతి ఉండేది. తిరగకుండా, తూలుకుంటూ వచ్చే బంతి. ఎటు వంగుతుందో విసిరినవాడికే తెలియదు. పొసాడా దాన్ని పట్టలేకపోయాడు. చివరికి పెటిట్ ఆ బంతినే వదిలేసుకున్నాడు. మిగిలిన బంతులకు పదును పెట్టుకున్నాడు. అదే పెటిట్ తర్వాత పోస్ట్‌సీజన్‌లో, అంటే సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ఆటల్లో, 19 విజయాలు సాధించాడు, అంతవరకూ ఎవరికీ లేనన్ని. ఎదుటివాడు అందుకోలేని పని మనం ఎంత బాగా చేసినా జట్టుకి అక్కరకు రాదని ఇరవై ఏళ్ల వయసులోనే తెలిసిపోవడం అదృష్టం. చాలామందికి నలభై దాటాక గానీ తెలియదు.

నా సంగతి ఒకటి చెబుతాను. పత్రికలో ట్రైనీలుగా ఒకే రోజు చేరినవాళ్లం నలుగురం. ఓ రాత్రి నేను పెట్టిన శీర్షికలో అంకె తప్పు పడింది. పేజీ ప్రెస్సుకి వెళ్లబోతుంటే మాలో ఒకడు చూశాడు. డెస్కులో అందరి ముందూ ఒక్క మాట అనలేదు, దిద్ది పంపించేశాడు. మర్నాడు టీ దగ్గర మాత్రం మెల్లగా అన్నాడు: ‘నువ్వు అంకెలు రెండోసారి చూడట్లేదురా.’ ఆ మాట పాతికేళ్లుగా నా చేత ప్రతి అంకెనూ రెండోసారి చూపిస్తోంది. పైఅధికారి అనుంటే భయపడేవాణ్ని, బయటివాడు అనుంటే రోషం వచ్చేది. నాలాగే తడబడుతున్నవాడు అన్నాడు కాబట్టి చెవికెక్కింది. మీకు అలాంటివాడు ఒకడుంటే వదులుకోకండి. మీరు ఇంకొకరికి అలాంటివాడు కావాలంటే పద్ధతి అదే. నలుగురిలో మాట అనకుండా దిద్దండి, ఒంటరిగా చెప్పండి.

మళ్లీ జీటర్ కథకి వస్తే, 1995లో అతనూ ఆ ముగ్గురు నేస్తాలూ పెద్ద జట్టు గడప తొక్కారు. నిలదొక్కుకోవడం మాత్రం వెంటనే జరగలేదు. జూన్‌లో జీటర్‌నీ రివేరానీ ఒకే రోజున మళ్లీ కింది జట్టుకి పంపేశారు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లే. రివేరా అక్కడ భుజానికి విశ్రాంతినిచ్చాడు. మళ్లీ బంతి పట్టుకునేసరికి వేగం అనూహ్యంగా పెరిగింది. జులై 4న తిరిగొచ్చి చికాగో వైట్‌సాక్స్ మీద 8 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగూ ఇవ్వలేదు, 11 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఒక్కడే కిందపడితే అవమానం కుంగదీస్తుంది. ఇద్దరు కలిసి పడితే మర్నాడు పొద్దున్న లేచి మైదానానికి వెళ్లడానికి ఓ తోడుంటుంది. పరీక్ష పోయినా, ఇంటర్వ్యూ పోయినా గదిలో తలుపేసుకోకండి. మీతోపాటు పోయినవాడికి ఫోన్ చేయండి.

మరుసటి ఏడాది ఇంకో గండం. 1996 సీజన్ మొదలవకముందు, జీటర్ ఇంకా సిద్ధంగా లేడని జట్టు పెద్దల్లో కొందరికి అనుమానం వచ్చింది. సియాటెల్ జట్టు నుంచి ఫెలిక్స్ ఫెర్మిన్ అనే అనుభవమున్న షార్ట్‌స్టాప్‌ని తెచ్చుకుందామన్నారు. బదులుగా ఇవ్వాల్సిన పేర్లలో రివేరా పేరు కూడా ఉంది. చూడండి, ఒకరి మీద నమ్మకం లేక ఇంకొకర్ని పోగొట్టుకోబోయారు! ఆ పెద్దల్లోనే జీన్ మైకేల్ లాంటివాళ్లు అడ్డుపడ్డారు, బేరం ఆగింది. ఆ ఏడాది జీటర్ ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. యాంకీస్ 18 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తర్వాత 1998, 1999, 2000, మళ్లీ 2009. మీ చేతి కింద నలుగురు కుర్రాళ్లు పనిచేస్తుంటే ఈ కథ గోడకి అంటించుకోండి. ఒకడి ఈనాటి తడబాటు చూసి కంగారుపడితే, రేపు ఇద్దరు పోతారు.

కలిసి పెరిగినవాళ్లు కలిసి ఆడితే ఎలా ఉంటుందో ఒక్క బంతిలో చూడాలంటే 2001 అక్టోబర్ 13 ఆట చూడండి. ఓక్లాండ్‌లో. ఐదు ఆటల సిరీస్‌లో యాంకీస్ అప్పటికే రెండు ఓడింది, ఇదీ పోతే ఇంటికే. పొసాడా కొట్టిన హోమ్‌రన్‌తో 1-0 ఆధిక్యం. ఏడో ఇన్నింగ్స్‌లో ఓక్లాండ్ బ్యాటర్ కుడి మూలకు కొట్టాడు. మొదటి బేస్‌లో ఉన్న జెరెమీ గియాంబి పరుగందుకున్నాడు. కుడి మూల నుంచి వచ్చిన విసురు మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా పోయి, గీత పక్కన దొర్లుతోంది. దాని దగ్గర ఎవరూ లేరు. అప్పుడు మైదానానికి అవతలి పక్క ఉండాల్సిన జీటర్ అడ్డంగా పరుగెత్తుకొచ్చి బంతి అందుకున్నాడు. ఆగి, తిరిగి విసిరే వ్యవధి లేదు. పరుగులోనే, పొసాడా వైపు చూసీ చూడకుండా, చేతిని వెనక్కి తిప్పి అలా వదిలాడు. పొసాడా అందుకుని, తిరిగి, గియాంబి కాలికి తాకించాడు. ఔట్. చివర్లో రివేరా వచ్చి ఆట ముగించాడు. సిరీస్ కూడా వాళ్లదే అయింది.

అది అప్పటికప్పుడు తట్టింది కాదనీ, సాధన చేసిందేననీ జీటర్ తర్వాత చెప్పాడు. నమ్ముతాను. 1993 సీజన్ అయ్యాక చేతికి దెబ్బ తగిలి బ్యాట్ పట్టలేని స్థితిలో, బ్రయాన్ బటర్‌ఫీల్డ్ అనే కోచ్ దగ్గర వారాల తరబడి ఫీల్డింగ్ ఒక్కటే చేశాడతను. ఆ యాభై ఆరు తప్పులకు జవాబు అక్కడ మొదలైంది.

కలిసి పెరిగినంత మాత్రాన అందరికీ సమానంగా దక్కదు. ఇదీ ముందే తెలుసుకోండి. రివేరా 652 సేవ్‌ల (చివర్లో వచ్చి గెలుపు కాపాడిన ఆటల) రికార్డుతో 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు, ఓటేసిన 425 మందిలో ఒక్కరూ కాదనలేదు. మరుసటేడు జీటర్‌కి ఒక్క ఓటు తప్ప అన్నీ పడ్డాయి. పొసాడాకి 2017లో అయిదు శాతం కూడా రాక మొదటి ఏడాదే జాబితా నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇంకొక మాట. పత్రికలు ఈ నలుగురినీ ‘కోర్ ఫోర్’ అన్నప్పుడల్లా నాకు బెర్నీ విలియమ్స్ గుర్తొచ్చి బాధేస్తుంది. అతనూ ఆ సంస్థలోనే పెరిగాడు, వాళ్లకన్నా ముందే పెద్ద జట్టుకి వచ్చాడు, నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. పేరులో మాత్రం అతనికి చోటు లేదు. మీ బృందం విజయాన్ని చెప్పుకునేటప్పుడు మీ బెర్నీ ఎవరో ఆగి గుర్తుచేసుకోండి, పేరు పెట్టి చెప్పండి.

ఇక తప్పు చేసిన స్నేహితుడి మాట. బేస్‌బాల్‌లో నిషేధిత మందుల వాడకం మీద 2007 డిసెంబర్‌లో వచ్చిన మిచెల్ నివేదికలో పెటిట్ పేరుంది. మోచేతి గాయం మానడానికి గ్రోత్ హార్మోన్ వాడినట్టు అతను ఒప్పుకున్నాడు. 2008 ఫిబ్రవరిలో విలేఖరుల ముందు కూర్చుని సమాధానం చెప్పుకుంటుంటే జీటర్, రివేరా, పొసాడా ముగ్గురూ అదే గదిలో ఓ పక్క కూర్చున్నారు. మైకు వాళ్లది కాదు. చెప్పుకోవాల్సింది అతనే, చెప్పుకున్నాడు. వాళ్లు ఉన్నారంతే. తప్పుని వెనకేసుకు రావడం వేరు, తప్పు ఒప్పుకుంటున్నవాడి పక్కన కూర్చోవడం వేరు. రెండోది చేయడానికి చాలా గుండె కావాలి, చేయండి. ఆ మరుసటి ఏడు, 2009లో, పోస్ట్‌సీజన్ మూడు సిరీస్‌లలోనూ ఆఖరి ఆట గెలిపించింది ఆ పెటిట్టే.

2013 సెప్టెంబర్ 26. యాంకీ స్టేడియంలో రివేరా ఆఖరిసారి బంతి విసురుతున్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో ఔట్ అయ్యాక అతన్ని తప్పించాలి. ఆ పని మేనేజర్ చేయాలి. మేనేజర్ జో జిరార్డి రాలేదు. డగౌట్ నుంచి పెటిట్, జీటర్ నడుచుకుంటూ వచ్చారు. పెటిట్ బంతి ఇచ్చేయమని చేయి చాపాడు. రివేరా అతని భుజం మీద తల ఆన్చి ఏడ్చాడు. చాలాసేపు. జీటర్ పక్కన నిలబడి నవ్వుతూ, తన వంతు కోసం ఆగాడు.