చేతితో నేర్చే చదువు: నెట్‌వర్క్ నిర్వహణ

బదిలీ మీద కొత్త ఊరు చేరి, సామాను పెట్టెలు విప్పకముందే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది: "నెట్ ఎప్పుడొస్తుంది?" ఆ నెట్‌ను నడిపించేవాళ్లు ఏం చదువుతారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

బ్యాంకులో, ఆసుపత్రిలో, రైల్వే టికెట్ల కౌంటరులో కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూసే ఉద్యోగిని నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ అంటారు. స్విచ్చులు, రౌటర్లు అమర్చడం, ఎవరు ఏ ఫైలు చూడవచ్చో ఆ మేరకే అనుమతి ఇవ్వడం, తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయడం వీరి పని. గట్టున కూర్చుంటే ఈత రానట్టే, పుస్తకం చదివినంత మాత్రాన ఈ పని రాదు. అందుకే మంచి కళాశాలల్లో తరగతి గదితో పాటు ల్యాబ్‌కూ సమానమైన విలువ ఉంటుంది.

మొదటి పని: కేబుల్. నెట్‌వర్క్ కేబుల్ పై తొడుగు ఒలిస్తే లోపల 8 తీగలు, 4 జతలుగా మెలివేసి ఉంటాయి. ఒక జతలోని సంకేతాలు పక్క జతను చెడగొట్టకుండా ఆ మెలికలు కాపాడతాయి. ఎక్కువగా వాడే రంగుల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీన్ని ఐదు నిమిషాల్లో కంఠస్థం చేయవచ్చు. కానీ తీగలను సమంగా కత్తిరించి, వరుస చెదరకుండా కనెక్టరులోకి తోసి, క్రింపింగ్ టూలుతో నొక్కి, టెస్టరుకు తగిలించాలి. దీపాలు వరుసగా వెలిగితేనే పని వచ్చినట్టు. ఒక్కటి వెలగకపోయినా కత్తిరించి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండో పని: వెతకడం. ఇందుకు 1983లో మైక్ మూస్ రాసిన 'పింగ్' అనే చిన్న ప్రోగ్రామును నేటికీ వాడుతున్నాం. జలాంతర్గామి పంపే ధ్వని ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చినట్టే, ఇది పంపిన సందేశానికి అవతలి యంత్రం నుంచి జవాబు వస్తుంది. రౌటరు నుంచి జవాబు వచ్చి, బయటి యంత్రం నుంచి రాకపోతే, తప్పు రౌటరు దగ్గరో దాని అవతలో ఉండవచ్చు. ఇలా ఒక్కో మెట్టూ దాటుతూ వెతకాలి.

పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో 'కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్' అనే ఏడాది కోర్సు ఉంది. అది పూర్తిచేస్తే వచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. పన్నెండో తరగతి తరువాత బి.సి.ఎ., బి.టెక్. ఉన్నాయి. మనం ఒకటి గుర్తుంచుకోవాలి: రాష్ట్ర కళాశాలల సీట్లకు స్థానికత నిబంధనలు ఉంటాయి. మనం ఏ రాష్ట్రంలో స్థానికులమవుతామో పదో తరగతిలో ఉండగానే అమ్మానాన్నలతో కలిసి చూసుకోవాలి.

సర్టిఫికెట్ పరీక్షలు వేరు. సిస్కో సంస్థ 'సి.సి.ఎన్.ఎ.' పరీక్ష 120 నిమిషాలు. ఆ సర్టిఫికెట్ 3 సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. రెడ్ హ్యాట్ సంస్థ 'ఆర్.హెచ్.సి.ఎస్.ఎ.' పరీక్షలో జవాబును ఎంచుకునే ప్రశ్నలే ఉండవు. యంత్రం ముందు కూర్చుని పని చేసి చూపాలి. యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసినా ఆ అమరిక నిలవాలి. కొందరు పాత ప్రశ్నలు కొని బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు. కానీ అర్ధరాత్రి ఆసుపత్రిలో నెట్‌వర్క్ ఆగిపోయి, రోగి రిపోర్టు డాక్టరుకు అందకపోతే, ఆ బట్టీ చదువు ఎవరినీ ఆదుకోదు.

చివరిగా ఒక పోలిక. కంప్యూటరు ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి మారితే దాని ఐ.పి. చిరునామా సాధారణంగా మారిపోతుంది. నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చిన 'మ్యాక్' చిరునామా మాత్రం ఆ కార్డుదే. మనమూ అంతే. ప్రతి బదిలీకీ ఇంటి నంబరు, వీధి, బడి, పక్క బెంచీ స్నేహితులు మారిపోతారు. "మనకంటూ ఏం మిగిలింది?" అని బెంగ కలుగుతుంది. చేతికి వచ్చిన పని మిగులుతుంది. అది ఏ ఊరికైనా మనతోనే వస్తుంది.

చేసి చూద్దాం

1. మన ఇంటి మోడెం నుంచి ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో పటం గీయండి.
2. పెద్దల సాయంతో ఇంటి కంప్యూటరు నుంచి రౌటరుకు పింగ్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో రాయండి.
3. సిస్కో వారి 'ప్యాకెట్ ట్రేసర్' ఉచితంగా దొరుకుతుంది. పరికరాలు కొనకుండానే అందులో రెండు కంప్యూటర్లను ఒక స్విచ్చుకు కలిపి చూడండి.

ఇతరుల కంప్యూటర్ల మీద, బడి నెట్‌వర్క్ మీద అనుమతి లేకుండా ప్రయోగాలు చేయకూడదు. ఈ వృత్తిలో మొదటి నియమం అదే.