రేవు గిడ్డంగులకు ఏ మల్టీమోడ్ కేబుల్?

ప్రశ్న: కృష్ణపట్నం రేవు సమీపంలోని గిడ్డంగులను 10 గిగాబిట్ నెట్‌వర్క్‌తో కలపడానికి ఓఎం3, ఓఎం4, ఓఎం5 కేబుళ్లలో ఏది తగినది?

జవాబు: మల్టీమోడ్ ఫైబర్ అంటే వెలుగు ఒకేసారి అనేక దారుల్లో ప్రయాణించగలిగేంత వెడల్పైన కోర్, అనగా గాజు గర్భం, ఉన్న పోగు. ఆ దారుల్లో కొన్ని కిరణాలు ముందు, కొన్ని వెనుక చేరడం వల్ల సంకేతం చెదురుతుంది కనుక దూరం పెరిగేకొద్దీ వేగానికి హద్దు ఏర్పడుతుంది. ఈ పోగుల్లో పాత రకమైన ఓఎం1 గర్భం 62.5 మైక్రాన్లు, 10 గిగాబిట్ల వేగాన్ని అది 33 మీటర్లకు మించి మోయలేదు. లేజర్ వెలుగుకు అనువుగా 50 మైక్రాన్ల గర్భంతో రూపొందిన ఓఎం3 అదే వేగాన్ని 300 మీటర్లు, ఓఎం4 400 మీటర్లు తీసుకుపోతాయి. ఒకే పోగులో పలు తరంగదైర్ఘ్యాలను పంపే పరికరాల కోసం వచ్చిన ఓఎం5కు, ఆ పరికరాలు లేనిచోట ఎక్కువ ధర చెల్లించడం వృథా.

కృష్ణపట్నం ఉన్న నెల్లూరు తీరంలో పోగు రకం కంటే పై తొడుగు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఉప్పుగాలికి ఉక్కు కవచం తుప్పు పడుతుంది, తుఫాను వేళల్లో లోహభాగాల గుండా పిడుగు విద్యుత్తు పరికరాలకు చేరే ప్రమాదం ఉంది. కాబట్టి లోహం లేని, నీటిని అడ్డుకునే జెల్ నింపిన, నల్లని పాలిథిలీన్ తొడుగు గల బయటి కేబులే మేలు.

గిడ్డంగుల మధ్య దూరం 400 మీటర్లు దాటితే మల్టీమోడ్‌ను విడిచి, వెలుగు ఒకే దారిలో సాగే, సుమారు 9 మైక్రాన్ల గర్భంతో 10 కిలోమీటర్ల వరకు పనిచేసే సింగిల్‌మోడ్‌ను ఎంచుకోవాలి.