స్క్రిప్టు – ప్రోగ్రాము : మౌనానికి కారణాలు

కంప్యూటరు ప్రయోగశాలలో విద్యార్థులకు తరచు ఎదురయ్యే చిక్కు ఒకటి కలదు. స్క్రిప్టు ఒక కమాండ్‌లైన్ ప్రోగ్రామును ప్రారంభించి, ప్రశ్న పంపి, జవాబు కొరకు ఎదురు చూస్తుంది. జవాబు రాదు, దోషసూచనయు కానరాదు. అప్పుడు సరియైన ప్రోగ్రామునే తప్పని తలచి తిరిగి వ్రాయబూనడం పరిపాటి. ‘పహలే ఆప్’ అనుకొంటూ రైలు తప్పిపోయిన లక్నో నవాబుల కథ మనమెరిగినదే. ఇక్కడి మౌనం కూడ అటువంటిదే.

1973లో బెల్ లేబొరేటరీస్‌లో, డగ్లస్ మెకిల్‌రాయ్ సూచనపై కెన్ థాంప్సన్ యూనిక్స్‌లో పైపును చేర్చారు. పైపులో సమాచారం ఒకే దిశలో ప్రవహిస్తుంది. కనుక సంభాషణకు రెండు పైపులు కావాలి. చిక్కులు మూడు విధాలు.

మొదటిది బఫరు. సి భాషా గ్రంథాలయం టెర్మినల్‌కు పంక్తి వెంట పంక్తి పంపుతుంది; పైపుకైతే కొన్ని వేల బైట్లు కూడేవరకు దాచి ఉంచుతుంది. చిన్న జవాబు అందులోనే నిలిచిపోతుంది. స్క్రిప్టు పంపిన ప్రశ్నకూ ఇదే గతి పట్టవచ్చు. ప్రతి ప్రశ్న చివర కొత్త పంక్తి గుర్తునుంచి, వెంటనే ఫ్లష్ చేయడం దీనికి విరుగుడు. ప్రోగ్రామును మనం మార్చలేనిచో, 1990లో వెలువడిన ‘ఎక్స్‌పెక్ట్’ వంటి సాధనంతో దానికి కృత్రిమ టెర్మినల్ కల్పించాలి.

రెండవది ముగింపు తెలియకపోవడం. ‘సార్ట్’ చివరి పంక్తి అందనిదే మొదటి పంక్తిని చెప్పజాలదు. వ్రాసే పైపును స్క్రిప్టు మూసినప్పుడే అది పలుకుతుంది.

మూడవది పైపు నిండిపోవడం. లినక్స్‌లో సాధారణంగా పైపు 65,536 బైట్లు పట్టును. జవాబులు చదవకుండ స్క్రిప్టు వ్రాస్తూనే ఉంటే రెండు పైపులు నిండి, ఇరువురూ ఆగిపోతారు. దోషసూచనల పైపును చదవక విడిచినా ప్రోగ్రాము నిలిచిపోగలదు. చదవడం, వ్రాయడం ఏకకాలంలో సాగాలి. పైథాన్‌లోని ‘కమ్యూనికేట్’ ఆ పనినే చేస్తుంది.

పరీక్షకు ఒక క్రమం పాటించాలి. తొలుత ప్రోగ్రామును చేతితో నడపాలి. పిమ్మట ప్రశ్నలను ఒక ఫైలు నుండి ఇచ్చి, జవాబులను మరొక ఫైలులోనికి తీసుకోవాలి. ఇవి సరిగా జరిగితే దోషం ప్రోగ్రాములో కాక సంభాషణలో ఉన్నదని గ్రహించాలి. అప్పుడు లినక్స్‌లోని ‘ఎస్‌ట్రేస్’తో ఇరువురినీ చూడాలి. ఇద్దరూ చదవడానికి వేచియుంటే బఫరునో, మూయని పైపునో అనుమానించాలి. ఇద్దరూ వ్రాయడానికి వేచియుంటే పైపులు నిండినవి.

కావున విద్యార్థులారా, తెర నిలిచిపోయినంతనే ప్రోగ్రామును చంపి మరల ప్రారంభించడం పరిష్కారం కాదు. ఎవరు ఎవరి కొరకు వేచియున్నారో మొదట విచారింతము.