రెడ్ వైన్ గుండెకు మందా?

జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా "వైన్ షాపు" అంటే అన్ని రకాల మద్యం అమ్మే చోటు. అసలు వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసేది. విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ ఒక సీసా తెచ్చి, "నాన్నా, ఇది పాత వైన్, గుండెకు మంచిది, రోజూ కొంచెం తీసుకో" అంటుంటారు. మీ ఇంట్లో బి.పి., షుగరు, గుండెజబ్బు ఉన్నవారుంటే ఆ సీసా మూత తీయకముందే ఇది చదవండి.

పాతబడితే ఏం మారుతుంది?

మెర్లో అనేది ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో బాగా పండే నల్లద్రాక్ష రకం. దానితో చేసిన వైన్‌ను కొన్నేళ్లు నిల్వ ఉంచితే వగరు తగ్గుతుంది, ఎరుపు ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఆల్కహాలు మాత్రం తగ్గదు. సుమారు 13 శాతం అలాగే ఉంటుంది. 150 మి.లీ. వైన్ తాగితే 45 మి.లీ. విస్కీ తాగినట్లే. వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవారు కూడా సాధారణంగా నోట్లో పుక్కిలించి ఉమ్మివేస్తారు.

గుండెకు మంచిదన్న మాట ఎక్కడిది?

ఫ్రాన్సువారు కొవ్వు ఎక్కువ తిన్నా వారికి గుండెజబ్బులు తక్కువని, అందుకు వైన్ కారణమని 1990ల మొదట్లో ప్రచారం జరిగింది. తరువాతి పరిశోధనలు ఆ నమ్మకాన్ని బలపరచలేదు. హాని లేని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తెలిపింది. మద్యం క్యాన్సరుకు కూడా కారణమవుతుంది.

మీరు చేయవలసినవి

1. రోగికి తాగే అలవాటుంటే ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు చెప్పండి. కల్లు, బీరు, వైన్ కూడా లెక్కలోకి వస్తాయి. పరువు పోతుందని దాచవద్దు.

2. షుగరు మాత్రలు, ఇన్సులిన్, నిద్రమాత్రలు, టి.బి. మందులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి మద్యం ప్రమాదకరం.

3. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, చెమటలు, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, పొంతన లేని మాటలు రావచ్చు. ఆసుపత్రిలో ఉంటే వెంటనే నర్సుకు చెప్పండి. ఇంట్లో ఉంటే 108కు ఫోన్ చేయండి. "ఒక పెగ్గు పోస్తే సర్దుకుంటుంది" అని చాటుగా తెచ్చి ఇవ్వకండి. డాక్టరు పర్యవేక్షణలో క్షేమంగా మాన్పించే మందులున్నాయి.

సీసా తెచ్చిన బిడ్డ ప్రేమను కాదనకండి. ఆ సీసాను మాత్రం రోగికి దూరంగా ఉంచండి.