బోరు నీళ్ల సున్నం నుంచి గీజర్‌ను, వాషింగ్ మిషన్‌ను కాపాడుకోండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. నది నీటిని శుద్ధి చేసి పంపే మిషన్ భగీరథ నల్లా ఒకటి, ఇంటి బోరు ఒకటి. నల్లా నీళ్లలో సాధారణంగా సున్నం తక్కువ. బోరు నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకొని పైకొస్తాయి. రెండూ ఒకే ట్యాంకులో కలిసిన ఇంట్లో గీజర్ రిపేరు తప్పదు.

1. ముందు నీళ్లను పరీక్షించండి. రెండు గాజు సీసాల్లో సగం దాకా నల్లా నీళ్లు, బోరు నీళ్లు వేరువేరుగా పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి గట్టిగా ఊపండి. షాంపూ, బట్టల పొడి పనికిరావు, అవి సున్నపు నీళ్లలోనూ నురగ ఇస్తాయి. నీళ్లు తేటగా ఉండి నురగ నిలిస్తే మంచిదే. నురగ చచ్చిపోయి, నీళ్లు మజ్జిగలా విరిగి, పైన తెట్టు కడితే సున్నం ఎక్కువున్నట్టే. అంకె కావాలంటే ల్యాబులో ‘మొత్తం కాఠిన్యం’ చూడమనండి. తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటుంది. ఆర్వో అమ్మేవాళ్లు ముంచి చూపించే టీడీఎస్ మీటర్ అన్ని లవణాలనూ కలిపి చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు.

2. ట్యాంకులు వేరు చేయండి. గీజర్‌కు, వాషింగ్ మిషన్‌కు, వంటింటికి నల్లా నీళ్లు. వాకిలి కడగడానికి, లెట్రిన్‌కు, చెట్లకు బోరు నీళ్లు. చిన్న ట్యాంకు, కొంత పైపు, ప్లంబర్ కూలి, ఒక్కసారి పెట్టే ఖర్చు. నన్నడిగితే మిగతా చిట్కాలన్నీ దీని తర్వాతే.

3. గీజర్ వేడి తగ్గించండి. నీళ్లు కాగినకొద్దీ అందులో కరిగి ఉన్న బైకార్బనేట్లు విడిపోయి, సున్నం ఎలిమెంట్ మీదే పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. స్నానానికి నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి ఎలిమెంట్ మాడుతుంది. గీజర్ లోపల పటపటమని చప్పుడొస్తుంటే అడుగున సున్నం గడ్డకట్టిందని అనుమానించండి. థర్మోస్టాట్ 55 డిగ్రీల దగ్గర పెట్టండి. బోరు నీళ్లే వాడే ఇంట్లో చలికాలం మొదలయ్యే ముందు ఏటా మెకానిక్‌తో విప్పించి శుభ్రం చేయించండి. అప్పుడే ‘యానోడ్ రాడ్ చూడు’ అని గుర్తుచేయండి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే కడ్డీ అది. ఎలిమెంట్ మార్చి దాన్ని అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు ట్యాంకే కారుతుంది.

4. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్‌ను కత్తితో గీకొద్దు, పైతొడుగు దెబ్బతింటే షాక్ కొడుతుంది. ప్లగ్గు తీసి, రాడ్ చల్లారాక, వేడినీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి సున్నం పట్టినంత మేర ముంచి ఉంచండి. బుడగలు లేచి పొర మెత్తబడుతుంది. కడిగి, ఆరాకే వాడండి.

5. వాషింగ్ మిషన్‌కు నీళ్లొచ్చే పైపు విప్పితే చిన్న జాలీ కనిపిస్తుంది. నీళ్లు మెల్లగా నిండుతున్నాయంటే ముందు దాన్నే పాత బ్రష్షుతో రుద్దండి. హీటర్ ఉన్న మిషన్‌లో మామూలు మురికి బట్టలకు వేడినీళ్ల సెట్టింగ్ అక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి బట్టల్లేకుండా డీస్కేలింగ్ పొడితో తిప్పండి. ఎంత వేయాలో ప్యాకెట్ మీదా, మిషన్ పుస్తకంలోనూ ఉంటుంది.

6. నల్లా మూతికి, షవర్‌కు తెల్లగా పట్టిన సున్నానికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి, రుద్ది కడిగితే చాలు. లెట్రిన్ యాసిడ్ పోస్తే సున్నంతో పాటు మెరుపు పూతా పోతుంది. యాసిడ్‌ను గానీ, వెనిగర్, నిమ్మ ఉప్పులను గానీ బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది.

7. కూలర్‌లో ఆవిరయ్యేది నీళ్లే, సున్నం గడ్డిలోనే మిగులుతుంది. పైపైన నింపుతూ పోకుండా వారానికోసారి అడుగు నీళ్లు పూర్తిగా వదిలేయండి. దోమల బెడదా తగ్గుతుంది.

8. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు ఏవీ వద్దు.

9. ఆర్వో పక్క పైపు నుంచి పోయే నీళ్లలో సున్నం ఇంకా చిక్కగా ఉంటుంది. పారబోయడం ఎందుకని వాటిని కూలర్‌లోనో మిషన్‌లోనో పోస్తుంటారు. అలా చేయకుండా బండలు తుడవడానికి వాడండి.

10. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా గింజ గింజగానే ఉంటుంది. కాల్షియం పప్పులోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ నల్లా నీళ్లే తీసుకోండి, చింతపండు పప్పు మెత్తబడ్డాకే వేయండి.

11. పైపుకు అయస్కాంతం బిగిస్తే సున్నం పోతుందంటూ ఇంటికొచ్చి అమ్ముతారు. నీళ్లలోని కాల్షియాన్ని అది తీసేయదు. బోరు తప్ప గతిలేని ఇంటికి రెసిన్ సాఫ్టెనర్ పనిచేస్తుంది. అయితే దాంట్లో ఎప్పటికప్పుడు ఉప్పు పోస్తూ ఉండాలి, కాల్షియం పోయిన మేరకు నీళ్లలో సోడియం చేరుతుంది. అందుకే ఆ లైను గీజర్‌కు, మిషన్‌కే ఇవ్వండి, కూర మొక్కలకు వద్దు.