లీకు ఎంతవరకు సమ్మతం?

సౌదీ అరేబియా తూర్పు తీరాన, 1975లో ఏర్పడిన రాయల్ కమిషన్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకొన్న పారిశ్రామిక నగరం జుబైల్. అక్కడి కర్మాగారాలకు జ్ఞానేంద్రియాల వంటివి సెన్సార్లు. పీడనాన్ని, విషవాయువులను అవి సరిగా గుర్తిస్తేనే అందులో పనిచేసే మనవారికి రక్షణ.

ఉక్కు తొడుగులో ఉంచి, అతుకులను వెల్డింగుతో మూసిన ఈ పరికరాలకు ప్రధాన శత్రువు తేమ. సమీపంలోని దహ్రాన్‌లో 2003 జూలై 8న తుషార స్థానం, అనగా ఆవిరి నీరుగా మారనారంభించే ఉష్ణోగ్రత, 35 డిగ్రీలుగా నమోదయింది. లీకు బొత్తిగా లేదని ఏ పరీక్షా నిరూపించజాలదు. ఫలానా పరిమితికంటె తక్కువని మాత్రమే చెప్పగలదు. మరి ఆ పరిమితిని నిర్ణయించడమెట్లు?

ఒక ఉదాహరణ చూద్దాం. సెన్సార్ లోపలి ఖాళీ 10 ఘన సెంటీమీటర్లు. అందులో పొడి నత్రజని ఉన్నది. ఆవిరి పీడనం 6 మిల్లీబార్లు మించనంతవరకు, సున్నా డిగ్రీల దాకా నీరు పేరుకోదు. కనుక 5 మిల్లీబార్లను హద్దుగా తీసుకొందాం. అంటే లోపలికి రాదగిన ఆవిరి 0.05 ఘన సెంటీమీటరు. ఆశించే ఆయుర్దాయం పదేళ్ళు, అనగా సుమారు 31.5 కోట్ల సెకన్లు. బయటి ఆవిరి పీడనం 30 మిల్లీబార్లు. నీటి అణువులు గాలి అణువులకంటె 1.27 రెట్లు వేగంగా చొరబడతాయి. ఇవన్నీ లెక్కిస్తే, గాలికి అనుమతించదగిన లీకు సెకనుకు ఒక ఘన సెంటీమీటరులో వంద కోట్ల వంతులు నాలుగు. తేలికైన హీలియం 2.7 రెట్లు వేగంగా పారుతుంది గనుక, హీలియం పరీక్షలో పరిమితి సుమారు పది కోట్లవ వంతు. ఆ రంధ్రంగుండా ఒక ఘన సెంటీమీటరు హీలియం పోవడానికి మూడేళ్ళకు పైగా పడుతుంది! ఇంతటి సూక్ష్మతను పట్టే హీలియం పరికరం 1940లలో అమెరికా అణుబాంబు పథకంలో రూపొందినదే.

బయటి ఆవిరి 10 మిల్లీబార్లే ఉండే శీతల ప్రాంతంలో ఇదే లెక్క మూడింతల లీకును అనుమతిస్తుంది. ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తెస్తే పదేళ్ళ ఆయుర్దాయం మూడేళ్ళ చిల్లరకు కుదించుకుపోతుంది. ఖాళీ 1 ఘన సెంటీమీటరే అయితే పరిమితి మరో పదింతలు కఠినం కావాలి. అలాగని అవసరానికి మించి బిగిస్తే, మంచి పరికరాలు కూడా తిరస్కృతమై వ్యయం పెరుగుతుంది.

మరొక హెచ్చరిక. మూసిన సెన్సార్‌ను ముందు అధిక పీడన హీలియంలో ఉంచి, తరువాత శూన్యంలో పరీక్షించే పద్ధతిలో, పెద్ద రంధ్రమున్నచో హీలియం పరీక్షకు ముందే వెళ్ళిపోతుంది; చెడ్డ పరికరం మంచిదిగా ఉత్తీర్ణమవుతుంది! అందుచేత ద్రవంలో ముంచి బుడగలను చూసే పరీక్ష కూడా తప్పనిసరి.

కాబట్టి లీకు పరిమితి ఎక్కడినుంచో ఎత్తి రాసుకొనే అంకె కాదు. ఖాళీ ఎంత, తేమ ఎంత, ఎన్నేళ్ళు పనిచేయాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానమది.